అమావాస్య నాటి రికార్డింగు

ధర్మవరంలో మా నాయనకు మైకుసెట్టు అంగడి ఉండేది. పెళ్లయినా, జాతరయినా, ఓట్ల మీటింగయినా బాకాలు కట్టేది మేమే. మా నాయన లెక్కలో మంచి సౌండ్ అంటే పక్క ఊళ్లో వాళ్లు కూడా లేచి కూర్చోవాలి. అందుకని ఆంప్లిఫయర్ మీదున్న గుండీలన్నిటినీ కుడివైపు చివరిదాకా తిప్పేసి, చేతులు దులుపుకుని, హాయిగా బీడీ ముట్టించుకునేవాడు. బాకాలు గొంతు చించుకునేవి. అయ్యవారు మంత్రాలు చదువుతున్నాడో, ఎవరి మీదైనా విరుచుకుపడుతున్నాడో పెళ్లికొడుక్కి కూడా తెలిసేది కాదు.

నేను ఆయనకు ఒక్కతే బిడ్డను. పదో తరగతి అయ్యాక పై చదువుకు అనంతపురం పంపడం ఇష్టంలేక నన్ను అంగట్లో కూర్చోబెట్టాడు. నేనేమీ ఏడవలేదు. చదువుకంటే నాకు ఆ గుండీలే నచ్చాయి. ఆయన అటు తిరగ్గానే ఒక్కొక్కదాన్నీ సగానికి తగ్గించేదాన్ని. గరగర పోయి, మనిషి గొంతు మనిషి గొంతులాగే వచ్చేది. జనం "ఈరోజు మైకు బాగుండాది" అని మెచ్చుకుంటే మా నాయన మీసం దువ్వుకునేవాడు. గుండీలు తగ్గించింది నేనని చెబితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"గుండీ పెట్టిండేది తిప్పేదానికే గదమ్మా!" అనేవాడు.

"తిప్పేదానికే నాయనా. యాడ ఆపల్లో గూడా తెలుసుండల్ల," అనేదాన్ని.

డెబ్బైలన్నీ మా ఇద్దరి మధ్య ఈ యుద్ధంతోనే గడిచాయి. మేం కొట్లాడుకున్నదాన్ని లెవెల్ అంటారని నాకు చాలాకాలం తర్వాత ఎవరో చెప్పారు. పేరు తెలియకముందే పని వచ్చినందుకు నేనేమీ సిగ్గుపడలేదు. మైకును బాకాకు ఎదురుగా పెడితే ఎందుకు కుయ్యిమంటుందో కూడా అట్లాగే తెలుసుకున్నాను. బాకాలోంచి వచ్చిన శబ్దం మైకులో దూరి, మళ్లీ బాకాలోకి పోయి, గిరగిరా తిరుగుతుంది. మైకును బాకాల వెనక్కి జరిపితే నోరు మూసుకుంటుంది. ఈ చిన్న సంగతి మా నాయన చేత ఒప్పించడానికి నాకు రెండు జాతరలు పట్టాయి.

ఎనభైలలో క్యాసెట్లు వచ్చాయి. బస్టాండులో, టీ అంగట్లో, లారీల్లో ఎక్కడ విన్నా క్యాసెట్లే. మైకుసెట్టు అంగడిలో సగం చెక్కలతో అడ్డుకట్టించి నేను రికార్డింగు గది చేసుకున్నాను. సెల్లుల మీద కూడా నడిచే టేప్ రికార్డర్లు రెండు, వాటి మీద లెవెల్ చూపించే సూదులు, ఒక మంచి మైకు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, ఇంతే నా సామాను. గది మాత్రం మొదట్లో నన్ను ఏడిపించింది. బండల నేల, సున్నం గోడలు. ఒక మాట అంటే నాలుగు మాటలు వినపడేవి. దాన్ని ఎకో అంటారని, సినిమా పాటల్లో దానికోసం తపస్సు చేస్తారని విన్నాను కానీ, నా గదిలో అది పిలవని చుట్టంలాగా వచ్చి కూర్చునేది. కళ్యాణదుర్గం వైపు కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళ్లు తెప్పించి నాలుగు గోడలకూ కొట్టించాను. ఎకో చచ్చి ఊరుకుంది.

"ఇది అంగడా, గొర్రెల దొడ్డా?" అని మా నాయన ముక్కు మూసుకున్నాడు. వాన పడినప్పుడు ఆ వాసన నిజంగానే భరించలేనిది. అదృష్టం కొద్దీ మా ఊళ్లో వాన పడేది తక్కువ.

భజన వాళ్లు వచ్చేవాళ్లు, చెక్కభజన గురువులు వచ్చేవాళ్లు, మైకులో తమ గొంతు ఎట్లుంటుందో వినాలని ముచ్చటపడి వచ్చేవాళ్లూ ఉండేవాళ్లు. అందరికీ మొదట నా పాఠం ఒకటి ఉండేది. సూది ఎర్రగీత దాటకూడదు, దాటితే గొంతు పగులుతుంది. మరీ కిందుంటే టేపు బుస్సుమనేదే పాటకంటే పైకి వినపడుతుంది. మొదటిసారి పాడింది ఒక టేకు, అది బాగాలేకపోతే రెండో టేకు, మూడో టేకుకు నాకు కోపం వస్తుంది. రికార్డు చేసేటప్పుడు దగ్గొద్దు, గాజులు తీసి పక్కన పెట్టండి, కిళ్లీ బయట ఉమ్మేసి రండి. రొద అంటే నాకు అంత మంట. శుభ్రమైన రికార్డింగు చేయడంలో జిల్లాలో నన్ను మించినవాళ్లు లేరని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

అట్లాంటి రోజుల్లో మామ మా అంగడికి వచ్చాడు. నాకు మేనమామ కాడు, మా నాయన స్నేహితుడు. చిన్నప్పటి నుంచీ మామా అని పిలవడం అలవాటు. పట్టుచీరలు నేసేవాడు. ఆయన ఇంట్లో గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన నేస్తారు. మామ మగ్గం మీద కూర్చున్నాడంటే పాట మొదలవుతుంది. తత్వాలు, చెక్కభజన పాటలు, ఏవో సొంతంగా అల్లుకున్నవి. పాట ఆగిందంటే ఆ వీధివాళ్లు ఆయన భోజనానికి లేచాడని అనుకునేవాళ్లు.

కొన్ని నెలలుగా ఆయన గొంతు బొంగురుపోతోంది. బెంగుళూరు పెద్దాసుపత్రిలో చూపించుకుని వచ్చారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఆరోజు అత్తను కూడా వెంటబెట్టుకొచ్చాడు. అత్త అంటే ఆయన భార్య. ఆమె తలుపు దగ్గరే నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"గొంతులో గడ్డ ఉండాదంట పాపా. కోసెయ్యల్లంట. కోసినంక మాట రాదంట," అన్నాడు మామ. బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఖాళీ క్యాసెట్టు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. "గుర్తుకు పెట్టుకునేదానికి రికార్డు చేసుకుందాం మామా. అత్త వింటాది," అన్నాను.

"గుర్తుకు ఎవురికి కావల్ల?" ఆయనకు కోపం వచ్చింది. "నాకు పనికి కావల్ల. పాట లేకుంటే నా చెయ్యి ఆడదు పాపా. మొన్న డాక్టరు పాడొద్దు అన్న్యాడని నోరు మూసుకోని నేసినా. సూడు ఏమైందో!"

అత్త సంచిలోంచి చీర ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. వెలుతురుకు ఎత్తి చూశాను. పట్టుబట్ట మీద అడ్డంగా నేసే పేక పోగులు ఒకచోట దగ్గరదగ్గరగా, ఒకచోట ఎడంగా పడి, సన్నని చారలు కనిపిస్తున్నాయి. పేకను అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరి, పలకతో పేకను కొట్టే దెబ్బ ప్రతిసారీ ఒకేలా, ఒకే ఎడంతో పడాలి. అది తప్పితే పట్టు దాచిపెట్టదు. ఆ చీరను నేయించుకునే షావుకారు తిప్పి పంపాడట.

"ముప్పై ఏండ్లుగా పాటతోనే కొట్టినా ఆ దెబ్బ. ఇప్పుడు నోరు పోతే నోరు పోయింది, తిండి తినేదానికి చెయ్యి కావల్ల గదా. నా పాట నాకు చేసియ్యి. టేపు పెట్టుకోని నేస్తా," అన్నాడు.

అదీ ఆయనకు కావలసింది. నాకు మొత్తం అర్థమైంది. గుర్తుకోసం అయితే ఎట్లా పాడినా పరవాలేదు. పనికోసం అంటే పాట నడక మగ్గం నడకే కావాలి. రోంత అటూ ఇటూ అయినా పనికిరాదు. "సేసిస్తా మామా. నువ్వు దిగులు పడొద్దు," అన్నాను. ఎట్లా చేయాలో ఇంకా తెలియకపోయినా చేస్తానని మాత్రం నాకు తెలుసు.

ముందు కంబళ్ల గదిలో మైకు ముందర నిలబెట్టాను. అంత బాగా పాడే మనిషి, బడిలో ఎక్కాలు అప్పజెప్పే పిల్లోడిలాగా చేతులు కట్టుకుని, చరణం మధ్యలో మర్చిపోయి, నా వైపు చూశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పాట ఉరికింది. ఇంకోసారి పాకింది. నేను గడియారం ముల్లు చూస్తూ విన్నాను. ఏ రెండు చరణాలూ ఒక నడకన లేవు.

"ఇది ఆయన పాట కాదు పాపా," అంది అత్త తలుపు దగ్గర్నుంచి. ఆమె చెప్పకపోయినా నాకు తెలుస్తూనే ఉంది.

కాళ్లు తొక్కక, చేతులు ఆడక ఆ పాట రాదని తేలిపోయింది. సరే, పాటే మన దగ్గరికి రాకపోతే మనమే పోదామని మర్నాడు టేప్ రికార్డరు సంకకు తగిలించుకుని వాళ్ల ఇంటికి పోయాను. మామ గుంటలో కూర్చుని నేస్తూ పాడాడు. బొంగురు ఉన్నా, పాట నిలబడింది. ఎక్కడా అటూ ఇటూ పోలేదు. మగ్గం చప్పుడు కూడా టేపులో దండిగా పడింది. రొద అంటే నాకు గిట్టదని చెప్పాను కదా, అయినా ఆరోజు పోనీలే అనుకున్నాను. మగ్గంతో పాడే మనిషికి మగ్గంతో పాటే రికార్డు చేసిచ్చాం, ఇంకేం కావాలి అని అందరం సంబరపడ్డాం. మా నాయన విని, "మగ్గం బో జోరుగా వినపడ్తాంది!" అని మెచ్చుకున్నాడు.

మూడో రోజు మామ ఆ క్యాసెట్టు పట్టుకుని మళ్లీ వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"పనికి రాలేదు పాపా. టేపులో ఒక మగ్గం, నా కింద ఒక మగ్గం. రెండూ కొట్లాడ్తాండాయి. దాన్ని ఇనాల్నా, దీన్ని ఇనాల్నా?"

నేను వెళ్లి నా చెవులతో విన్నాను. ఆయన చెప్పింది నిజం. టేపులో దెబ్బ పడిన తర్వాత పిసరంత ఆలస్యంగా ఆయన దెబ్బ పడుతోంది. దాన్ని అందుకోవాలని తొందరపడితే ఈయన దెబ్బ ముందు పడుతోంది. టకటకా మని రెండు మగ్గాలు ఒకదాని కాలు ఒకటి తొక్కుతున్నాయి. కాసేపటికి పోగు తెగింది. మామ నాడె వదిలేసి తల పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చేర్చుకునే రోజు దగ్గరికి వచ్చేసింది. అత్త నా చెయ్యి పట్టుకుని, "ఇంగ వదిలెయ్యి పాపా. రాసిపెట్టినట్లు జరుగుతాది," అంది. వదిలేసే రకం కాదు నేను. ఆ సాయంత్రం అంగట్లో కూర్చుని టేప్ రికార్డర్లు రెండూ ముందర పెట్టుకున్నాను. మగ్గం నడక కావాలి, మగ్గం చప్పుడు ఉండకూడదు. మగ్గం ఆయన చెవిలో ఉండాలి, నా మైకులో ఉండకూడదు. ఇట్లా రెండు ముక్కలుగా చెప్పుకునేసరికి దారి కనపడింది. నా హెడ్‌ఫోను గోడకు వేలాడుతూనే ఉంది. మగ్గం చప్పుడు మాత్రం ఒక క్యాసెట్టులో విడిగా పట్టాలి. దాన్ని మొదటి టేప్ రికార్డర్లో వేసి, హెడ్‌ఫోనుతో మామకు వినిపించాలి. ఆ నడకను పట్టుకుని ఆయన పాడాలి. ఆ పాట ఒక్కదాన్నీ రెండో టేప్ రికార్డరు పట్టాలి.

ఈ మధ్య ఒక పెద్ద స్టూడియోకు పోయాను. అక్కడి కుర్రాళ్లు కంప్యూటరు ముందర కూర్చుని, పాడేవాళ్ల చెవిలో టిక్కు టిక్కుమని ఒక శబ్దం పెట్టి పాడిస్తున్నారు. దాన్ని క్లిక్ ట్రాక్ అంటారట. పాట ఒక ట్రాకు, తాళం ఒక ట్రాకు, దేన్ని కావాలంటే దాన్ని తీసేయొచ్చునట. నాకు ఓపిగ్గా వివరించారు. ధర్మవరంలో పట్టుమగ్గాన్నే క్లిక్ ట్రాకు చేసి పాడించాను నాయనలారా అంటే, ముసలామె ఏదో మాట్లాడుతోందని నవ్వి టీ తెప్పించారు. టీ బాగానే ఉంది.

ఉపాయం దొరికింది కానీ ఇంకో చిక్కు మిగిలింది. మామ గుంటలో కూర్చుంటే తప్ప పాడలేడు. ఆ ఇంటికి అటూ ఇటూ, ఎదురుగా, వెనకాల, అన్నీ మగ్గాలే. తెల్లవారిందంటే వీధి వీధంతా దడదడ. నా మైకు వాటన్నిటినీ పట్టేస్తుంది. మామ చెవిలో ఒక నడక, వీధిలో నలభై నడకలు! ఆ వీధి నోరు మూసుకునేది నెలకు ఒక్క రోజు, అమావాస్య నాడు. ఆ రోజు మగ్గం ముట్టరు. దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వదిలేస్తారు. పంచాంగం చూస్తే, మామ బెంగుళూరుకు బయల్దేరేది అమావాస్య మర్నాడే.

ఒక్క రోజు దొరికింది. చాలనుకున్నాను. అత్త మాత్రం నేను చెప్పగానే చెవులు మూసుకుంది.

"అమాస పొద్దు మగ్గంలో కూర్చునేదా? ఆస్పత్రికి పొయ్యే ముందర? వద్దు పాపా, నీకు దండం పెడ్తా."

"కూర్చుంటాడు అంతే అత్తా. ముట్టడు. నాడె తీసి దేవుని దగ్గర పెట్టుకో. పలకకు తాడు కట్టెయ్యి. చేతులు గాల్లో ఆడిస్తాడు. గాలికి అమాస లేదు గదా?"

"ఇదేం సోద్యమో!" అంది అత్త. మామ వైపు చూసింది. ఆయన చీర ముక్కను మడతపెడుతూ కూర్చున్నాడు. అత్త చాలాసేపు ఆ ముక్కనే చూసింది. తర్వాత లేచి, తనే పోయి తాడు తెచ్చింది.

అమావాస్యకు ముందు రోజు మామ లోగొంతుకలో పాడుకుంటూ నేస్తుంటే, మైకును పలక పక్కనే పెట్టి మగ్గం చప్పుడు అరగంట పట్టాను. రెండు టేప్ రికార్డర్లలోనూ కొత్త సెల్లులు వేశాను. ఈ సంగతిలో నాకు చాదస్తం ఎక్కువ. సెల్లులు నీరసపడితే టేపు నెమ్మదిగా తిరుగుతుంది. అప్పుడు పట్టిన పాటను తర్వాత కొత్త సెల్లులతో వింటే, ఎలుగుబంటి తరుముతున్నట్టు ఉరుకుతుంది. మామ పాట ఉరకడానికి వీల్లేదు. టేపు తగిలే చోటును స్పిరిట్టులో ముంచిన దూదితో తుడిచాను. కంబళ్లు గోడల నుంచి ఊడదీసి, మా నాయన చేత బండి మీద మోయించి, మగ్గం చుట్టూ దండేల మీద వేలాడదీశాను.

పొద్దున వీధిలో మగ్గాలు లేవు కానీ రేడియోలు ఉన్నాయి, పిల్లలు ఉన్నారు, రోకళ్లు ఉన్నాయి. అందరికీ చెప్పి వస్తానని మా నాయన బయల్దేరాడు. సైకిలుకు బాకా కట్టుకుని, గుండీ చివరిదాకా తిప్పి, "అందరూ నిశ్శబ్దంగా ఉండవలెను! మన నేసే అన్న పాట రికార్డు అవుతాండాది! దయచేసి ఎవురూ గట్టిగా మాట్లాడగూడదు!" అని ఊరు అదిరేలా అరుస్తూ రెండు చుట్లు తిరిగాడు. నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి ఏడ్చారు. వాళ్లు మళ్లీ పడుకునేదాకా నేను టేపు మొదలుపెట్టలేకపోయాను. ఆరోజు ఆయన్ను తిట్టినంతగా నా జన్మలో ఎవరినీ తిట్టలేదు. అయితే వీధి మాత్రం నిజంగానే మాట విన్నది. ఎవరో రోకలి కడిగి మూలకు ఆనించారు, ఎవరో కుక్కను కట్టేశారు.

మామ గుంటలో కాళ్లు దించుకుని కూర్చున్నాడు. చెవులకు హెడ్‌ఫోను పెట్టాను. అందులోంచి టకటక బయటికి కారి మైకులో పడుతోంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, హెడ్‌ఫోను మీద నుంచి గట్టిగా తలపాగా చుట్టాను. చప్పుడు లోపలే ఆగిపోయింది. నోటిగాలి బుడుంగుమని తగలకుండా మైకుకు పల్చటి గుడ్డ కట్టాను. మొదటి టేపు నొక్కాను. మామ కళ్లు పెద్దవయ్యాయి.

"అబ్బా! నా మగ్గమే!" అని గట్టిగా అరిచాడు. చెవులు మూసుకుపోయినవాళ్లు తమకు తెలియకుండానే అరుస్తారు. సూది ఎర్రగీత దాటి కొట్టుకుంది. అది మొదటి టేకు. అది పోయింది.

రెండో టేకులో ఆయన కాళ్లు చెక్కలకు తగలకుండా ఊరికే ఆడుతున్నాయి, చేతులు గాల్లో లేని నాడెను లాగుతున్నాయి. పాట బయల్దేరింది. బయట నుంచి చూసేవాళ్లకు పిచ్చివాడిలా కనిపించేవాడేమో. ఒక్క దెబ్బ లేదు, ఒక్క చప్పుడు లేదు, అయినా ప్రతి చరణం దెబ్బ మీద దెబ్బలాగా సరిగ్గా చోటు చూసుకుని పడుతోంది. సూది ఎర్రగీతకు కొంచెం ఇవతలే ఊగుతోంది. గొంతులో బొంగురు ఉంది, దాన్ని దాచడానికి నేను ట్రెబుల్ గుండీ ముట్టలేదు. అలసిపోయినప్పుడు రెండు టేపులూ ఒక్కసారే పాజ్ నొక్కి ఆపాను, ఆయన సరే అన్నాక మళ్లీ ఒక్కసారే వదిలాను. క్యాసెట్టు ఒక పక్క నిండేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తలపాగా విప్పితే ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

ఆ రోజుతో ఆయన పాడటం అయిపోయింది. అందరికీ తెలుసు. మామ మగ్గానికి దండం పెట్టి పైకి లేచాడు. నాకు ఏడుపు వచ్చింది. కంబళ్లు మడతపెడుతూ ఏడ్చాను.

అసలు క్యాసెట్టు నా అంగట్లో పెట్టుకుని, వాళ్ల వాడకానికి ఒక కాపీ తీసిచ్చాను. కాపీ ఎప్పుడూ అసలుదాని నుంచే తీయాలి. కాపీ నుంచి కాపీ తీస్తూ పోతే బుస్సు పెరిగి పాట తరుగుతుంది. అరిగిపోతే వచ్చి అడగమని మర్నాడు బెంగుళూరు బస్సు దగ్గర అత్తకు చెప్పాను. బస్సు కదిలిపోయింది.

వాళ్లు తిరిగి వచ్చాక చాలా రోజులు మామ ఇంట్లోంచి బయటికి రాలేదు. మెడ చుట్టూ తెల్లగుడ్డ. మాట లేదు, చేత్తో సైగలు. షావుకారు రెండు మూడుసార్లు మనిషిని పంపాడట, మగ్గం ఖాళీగా ఉంటే నేతకిచ్చే పడుగు పట్టు వేరేవాళ్లకు ఇస్తానని. ఒక పొద్దున అత్త మా అంగడికి వచ్చి, "ఈ పొద్దు కూర్చుంటా అంటాండాడు. నువ్వు గూడా రా పాపా, నాకు భయమైతాంది," అంది. నేను కొత్త సెల్లులు సంచిలో వేసుకుని వెళ్లాను. మా నాయన కూడా వస్తానన్నాడు, బాకా లేకుండా రమ్మన్నాను.

మామ గుంటలోకి దిగాడు. టేప్ రికార్డరు ఆయన ఎడమచేతికి అందేటట్టు పెట్టి, పోగు తెగితే పాజ్ ఎట్లా నొక్కాలో చూపించాను. అత్త వంటింట్లోకి వెళ్లిపోయింది, చూడలేనని. నేను ప్లే నొక్కాను.

పాట మొదలైంది. మామ కదల్లేదు. నాడె మీద చెయ్యి పెట్టుకుని తన గొంతును తనే వింటున్నాడు. పల్లవి అయిపోయింది. చరణం అయిపోయింది. మా నాయన నా మోచెయ్యి గిల్లాడు. ఆపేద్దామా అని నేను వంగబోతుంటే మామ కాలు చెక్కను తొక్కింది. నాడె పోయింది. పలక పడింది. మొదటి దెబ్బ పాటకు వెనకబడింది, రెండోది కొంచెం దగ్గరికి వచ్చింది, నాలుగైదు దెబ్బల తర్వాత ఏది ముందో ఏది వెనకో చెప్పలేకుండా అయిపోయింది. టేపులో మగ్గం లేదు కాబట్టి ఆ పాటలో మగ్గానికి చోటుంది. మామ మగ్గం ఆ చోట్లో కుదురుకుంది. నేసిన జానెడు బట్టను వంగి చూశాను. చారల్లేవు. గెలిచాననిపించింది, గట్టిగా అరవాలనిపించింది, నా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రెండో పాట మధ్యలో టేపులో గొంతు ఆగింది. మామ మగ్గం కూడా ఆగింది.

"ఏమే, రోంత నీళ్లు తీస్కరా," అంది టేపు.

రికార్డింగు నాడు ఆయన అలసిపోయి అత్తను పిలిచిన మాట అది, నేను పాజ్ నొక్కేది ఆలస్యమై టేపులో పడింది. కాపీ తీసేటప్పుడు కత్తిరించాలనుకుని, బస్సుకు అందించాలన్న తొందరలో వదిలేశాను. చెంబు పట్టుకుని అత్త వంటింట్లోంచి వచ్చేసింది. ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది. మగ్గం దగ్గరికి వచ్చి, చెంబు ముందుకు చాపాక, ఆయన ముఖం చూసి, అక్కడే నిలబడిపోయింది. మామ ఆమె వైపే చూస్తూ చెంబు అందుకున్నాడు. మెల్లగా రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చాడు. టేపులో పాట మళ్లీ మొదలైంది. ఆయన పలక పట్టుకున్నాడు.

నాకు ప్రాణం చివుక్కుమంది. అత్తను పక్కకు పిలిచి, "ఆ మాట తీసేస్తా అత్తా. సాయంత్రానికి ఇంకో కాపీ తీసిస్తా," అన్నాను.

అత్త కొంగుతో చెంబు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"ఉండనీ పాపా. దినానికి ఒకసారన్నా పిలుస్తాడు."